ఎవరికి ఏ కాలేజీ?

ఇంటర్ ఫలితాలు, వాటి వెనకే ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాయంటే పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: "పిల్లోడిని యాడ చేర్పిస్తా ఉండావన్నా?" మదనపల్లె టమోటా మార్కెట్లో వేలంపాట కోసం కాచుకున్న రైతుకూ, పుంగనూరులో కిరాణా కొట్టు నడిపే ఆయనకూ, తెల్లవారుజామున కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలెక్కే కూలీకీ ఆ ప్రశ్న తప్పదు. కాలేజీ పేరు చెప్పగానే అడిగినవాళ్లు "ఓహో" అంటారా, "అట్లనా" అని ఊరుకుంటారా అన్నదాన్ని బట్టి చాలా ఇళ్లలో నిర్ణయం జరిగిపోతోంది. పిల్లకు ఏ చదువు మీద మనసుంది, ఎక్కడైతే నిలదొక్కుకుంటుంది, నాలుగేళ్ల తరువాత ఇంటిమీద ఎంత అప్పు మిగులుతుంది అన్నవి ఆ తరువాతి సంగతులైపోయాయి.

పేరు చూసి చేరాలా, తనకు నప్పేది చూసి చేరాలా అన్న తగువు మన దగ్గరే లేదు, ప్రపంచమంతా ఉంది. దానిమీద గట్టి పరిశోధనలే జరిగాయి. అవన్నీ ఒకే మాట చెప్పవు. ఒకటి అవునంటే ఇంకొకటి కాదంటుంది. ఆ ఫలితాలను మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఒక మామూలు కుటుంబం ముందున్న దారుల పక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దేశమంతా గుర్తించే పేరుకు విలువ ఉంది. అలాంటి చోట సీటొస్తే దూరమని వదులుకోకూడదు. కానీ మన పిల్లల్లో చాలామంది ఎంచుకునేది అలాంటి కాలేజీల మధ్య కాదు. హోర్డింగుల మీద తప్ప ఇంకెక్కడా పేరులేని కాలేజీల మధ్య. అక్కడ పేరు చూసుకుని డబ్బు పోయడం దండగ.

పరిశోధనల్లో అందరూ ముందు చెప్పుకునేది అమెరికా ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనం. పెద్ద పేరున్న కాలేజీల్లో చదివినవాళ్లు ఎక్కువ సంపాదిస్తున్నారన్నది అందరికీ కనబడే సంగతే. ఆ సంపాదన కాలేజీ వల్ల వచ్చిందా, ఆ పిల్లల్లో ముందునుంచీ ఉన్న చురుకుదనం వల్ల వచ్చిందా అని వీళ్లు అడిగారు. 1976లో కాలేజీలో చేరినవాళ్లను తీసుకుని, ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు చేసి, ఒకే తీరుగా సీట్లు తెచ్చుకున్నవాళ్లను జతలుగా పెట్టి చూశారు. అందులో ఒకరు పెద్ద కాలేజీలో చేరితే ఇంకొకరు అంతకన్నా చిన్నదాంట్లో చేరారు. ఏళ్లు గడిచాక వాళ్ల జీతాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పేరు కన్నా ముఖ్యం నప్పడం అనేవాళ్లంతా చూపే రుజువు ఇదే. కానీ అదే అధ్యయనంలో ఒక మినహాయింపు ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ వల్ల మేలు జరిగింది. ఆ ఇద్దరే తరువాత చేసిన అధ్యయనంలో నల్లజాతి పిల్లలకూ, పెద్దగా చదువుకోని తల్లిదండ్రుల పిల్లలకూ అదే ఫలితం వచ్చింది. మన పడమటి మండలాల్లో ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చే పిల్లలు ఎంతమందో గుర్తుంటే ఈ మినహాయింపు బరువు తెలుస్తుంది.

2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అమెరికాలో అగ్రస్థానంలో ఉన్న 12 కాలేజీలను అక్కడి మంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలతో పోల్చారు. సగటు ఆదాయంలో పెద్ద తేడా లేదు. కానీ దేశంలో అందరికన్నా ఎక్కువ సంపాదించే ఒక్క శాతంలో చేరే అవకాశం దాదాపు సగం పెరిగింది. అంటే పేరు కొద్దిమందిని శిఖరానికి చేర్చగలదు గాని, మామూలుగా బతుకు బాగుపడటానికి అదే దిక్కు కాదు.

మన దేశం సంగతికొస్తే శీతల్ సేఖ్రి 2020లో ప్రచురించిన అధ్యయనం కళ్లు తెరిపిస్తుంది. పేరున్న ప్రభుత్వ కళాశాలలో కటాఫ్‌కు కొంచెం పైన మార్కులు వచ్చి చేరినవాళ్లనూ, కొంచెం కింద ఉండి చేరలేకపోయినవాళ్లనూ ఆమె పోల్చారు. చదువు ముగిసేనాటికి పరీక్షలో ఇద్దరి మార్కులూ ఒకటే. జీతం మాత్రం పేరున్న కాలేజీ వాళ్లకే ఎక్కువ. కాలేజీ అదనంగా నేర్పిందేమీ కనబడలేదు, అయినా ఉద్యోగం ఇచ్చేవాడు పేరుకు డబ్బు కట్టాడు. ఇది చేదుగా ఉన్నా నిజం. పేరు అక్కర్లేదని పిల్లలకు నూరిపోసే ముందు పెద్దలు దీన్ని చదవాలి. అయితే ఆ అధ్యయనంలో పేరున్నవి గట్టి పోటీలో మార్కులతో సీటు దక్కే ప్రభుత్వ కళాశాలలు. డొనేషన్ కట్టి కొనుక్కునే సీటుకు ఆ లెక్క వర్తించదు.

ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేయడం, జీవితం బాగుందనుకోవడం వంటి వాటిని లెక్కలోకి తీసుకుంటే చిత్రం ఇంకోలా ఉంటుంది. 2014లో గాలప్ సంస్థ పర్‌డ్యూ విశ్వవిద్యాలయంతో కలిసి 30,000 మందికి పైగా పట్టభద్రులను అడిగింది. కాలేజీ ప్రభుత్వానిదా ప్రైవేటుదా, ఎంత పెద్దది, ఎంత పోటీ ఉన్నది అన్నవాటి ప్రభావం పెద్దగా లేదు. తనను మనిషిగా పట్టించుకున్న ఒక అధ్యాపకుడు, చదువు మీద ఆసక్తి పుట్టించిన ఒక అధ్యాపకుడు, ముందుకెళ్లమని వెన్నుతట్టిన ఒక పెద్ద దిక్కు ఉన్నవాళ్లు తరువాత ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేసే అవకాశం రెట్టింపును మించింది. ఈ మూడూ దొరికాయని గట్టిగా చెప్పినవాళ్లు 14 శాతమే.

ఈ మాట వినగానే నాకు మదనపల్లె బీటీ కాలేజీ గుర్తొస్తుంది. అనీబిసెంట్ పూనికతో 1915లో మొదలైన ఆ కళాశాల రాయలసీమలో తొలి కళాశాలగా పేరు పొందింది. 1919 నాటికి దాని వయసు నాలుగేళ్లు. చదువంటే మద్రాసుకు పోవాలన్న కాలం. చుట్టుపక్కల గుట్టలు, ఊరికి దూరంగా రైల్వేస్టేషన్. పేరు ప్రతిష్ఠల లెక్కన చూస్తే మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ పక్కన నిలబెట్టడానికే వీల్లేదు. కానీ ప్రిన్సిపాల్ ఐర్లాండ్ కవి జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న మనిషి, 1917లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టినవాళ్లలో ఒకరు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి కొద్దిరోజులు అక్కడే ఉన్నారు. విద్యార్థులు, అధ్యాపకులు కూడి పాటలు పాడుకునే సమావేశంలో జనగణమన పాడారు. మార్గరెట్ దాని స్వరాలను కాగితం మీద పెట్టారు. దాన్ని ఇంగ్లీషులోకి టాగూర్ అనువదించుకున్నదీ మదనపల్లెలోనే. ఆ హాలులో కూర్చుని ఆ పాట విన్న కడప, చిత్తూరు పల్లెల కుర్రాళ్లకు దక్కిన చదువు ఏ ర్యాంకు పట్టికకూ అందేది కాదు. అది ఊరి గొప్ప వల్ల, భవనాల గొప్ప వల్ల రాలేదు. పిల్లల మధ్య బతికిన ఇద్దరు ముగ్గురు మనుషుల వల్ల వచ్చింది. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ముందు చూడాల్సింది అలాంటి మనుషులు ఉన్నారా లేరా అనే.

అదే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కథ ఇంకోవైపు నుంచి ఇదే చెబుతుంది. ఆయనను ఆక్స్‌ఫర్డ్ చేర్చుకోలేదు. లండన్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షలో పలుమార్లు తప్పారు. ఒకరితో ఒకరిని పోల్చడం, బహుమతి ఆశ, భయం లేకుండా పిల్లలు చదువుకోవాలని జీవితాంతం మాట్లాడారు. ఆయన ఆలోచనలతో నడిచే రిషివ్యాలీ పాఠశాల కురబలకోట మండలంలో ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలు వరుసకట్టిన అంగళ్లు కూడా ఆ మండలంలోదే. ర్యాంకు పెట్టుకోవద్దన్న బడి, ర్యాంకు చూసి సీటిచ్చే కాలేజీలు దగ్గర దగ్గరగా ఉండటం చూస్తే మన చదువుల అయోమయమంతా ఒక్క మండలంలోనే కనబడుతుంది.

ఇంతకీ మన దగ్గర పేరు అనేది దేనితో తయారవుతోంది? ఒకటి కేంద్ర ప్రభుత్వ ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు. 2016 నుంచి ఇస్తున్నారు. బోధనా వనరులు, పరిశోధన, చదువు ముగించినవాళ్ల పరిస్థితి, అందరికీ అందుబాటు, జనాభిప్రాయం అనే ఐదు అంశాల మీద మార్కులు వేస్తారు. జనాభిప్రాయానికి పది శాతం దాకా మార్కులున్నాయని గమనించండి. అంటే పేరున్నవాళ్లకు పేరుందన్న కారణంగా కూడా ర్యాంకు పెరుగుతుంది. ఇంకోటి 1994లో ఏర్పడిన నాక్ సంస్థ కాలేజీలను తనిఖీ చేసి ఇచ్చే గ్రేడు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక సంస్థకు మంచి గ్రేడు ఇవ్వడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణపై తనిఖీ బృందం సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. కేసు ఎలా తేలినా, గేటు మీద రాసుకున్న అక్షరం చూసి పిల్లను అప్పగించేయకూడదని తల్లిదండ్రులకు తెలియడానికి అది చాలు. మూడోది హోర్డింగు. ఏటా లక్షల ప్యాకేజీ తెచ్చుకున్న నలుగురి ఫొటోలు వేస్తారు. ఆ బ్యాచిలో ఎంతమంది చేరారు, ఎంతమంది బ్యాక్‌లాగులు లేకుండా బయటపడ్డారు, ఎంతమందికి ఉద్యోగం రాలేదు అన్నది ఏ హోర్డింగు మీదా ఉండదు. అడగాల్సింది దాన్నే. అది కూడా కంప్యూటర్ సైన్స్‌కు వేరుగా, సివిల్‌కు వేరుగా, మెకానికల్‌కు వేరుగా అడగాలి. కాలేజీ మొత్తానికి కలిపి చెప్పే శాతం ఎవరికీ పనికిరాదు.

మదనపల్లెలో ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. జనం మిట్స్ అని పిలుచుకునే మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ 1998లో మొదలైంది. దాని చుట్టూ ఇంకొన్ని కాలేజీలు వచ్చాయి. డిగ్రీకి బీటీ కాలేజీ ఉంది. క్షయ రోగుల కోసం పుట్టిన ఆరోగ్యవరంలో నర్సింగ్ చదువు ఉంది. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ కాలం నుంచి క్షయ చికిత్సలో, పరిశోధనలో దేశమంతా తెలిసిన ఊరది. రోగి పక్కన నిలబడి పని నేర్చుకోవాలనుకునే అమ్మాయికి అలాంటి చోటుకన్నా నప్పేది ఏముంటుంది? కానీ ఆ అమ్మాయినే ఇష్టం లేకున్నా మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసి ఇంజనీరింగులో కూర్చోబెట్టే ఇళ్లు ఉన్నాయి. నర్సింగ్ అంటే చుట్టాల ముందు చిన్నతనమట. ఈ చిన్నతనం అనే మాటను మనం వదిలించుకోకపోతే ఏ సలహా ఇచ్చినా వృథా.

పుంగనూరు పరిస్థితి వేరు. రైలు లేదు. చదువంటే బస్సే. ఊళ్లో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది, ఇంజనీరింగుకు మదనపల్లె వైపో పలమనేరు వైపో పోవాలి. అందుకే ఇక్కడ నప్పడం అన్న మాటకు మొదటి అర్థం రోజూ పోయి రాగలమా అన్నది. ఇదివరకు ఆ బస్సు చార్జీ దగ్గరే ఆగిపోయిన అమ్మాయిలున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఇది కాలేజీ ఎంపికను నేరుగా మార్చే విషయం. హాస్టల్ ఫీజు భరించలేక ఊళ్లో ఏది దొరికితే అదే చదివిన అమ్మాయి ఇప్పుడు ఇంట్లో ఉంటూనే మదనపల్లెలో నచ్చిన బ్రాంచి చదువుకోవచ్చు. అయితే సాయంత్రం ల్యాబు ముగిశాక ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కున్నాకే సీటు ఖాయం చేసుకోవాలి. ల్యాబు మధ్యలో లేచి బస్సు కోసం పరుగెత్తే చదువు నాలుగేళ్లు నడవదు.

పుంగనూరు పేరు దేశమంతా తెలిసింది పొట్టి ఆవు వల్ల. ఆ జాతిని కాపాడుతున్న పశుపరిశోధన కేంద్రం పక్కనే పలమనేరులో ఉంది. అది 2005లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. పదో తరగతి తరువాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఆ విశ్వవిద్యాలయమే నడుపుతోంది. పాడి మీద బతికే ఇంట్లో పుట్టి, ఆవు ఈనడం కళ్లారా చూసి, జబ్బు పడ్డ పశువు దగ్గర రాత్రంతా కూర్చున్న కుర్రాడికి ఈ చదువు ఎంత దగ్గరో ఆలోచించండి. వాణ్ణి తీసుకెళ్లి ఎంపీసీలో వేసి, లెక్కల్లో తప్పాడని తిట్టడం ఏం న్యాయం?

కుప్పం అన్నిటికన్నా చిత్రమైన చోటు. మూడు రాష్ట్రాలు కలిసే మూల. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే పిల్లలు అక్కడ మామూలు. కుప్పం ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం శ్రీనివాసవనంలో వందల ఎకరాల్లో ఉంది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళాలనూ, భాషాశాస్త్రాన్నీ, అనువాదాన్నీ ఒకే చోట పెట్టుకున్న విశ్వవిద్యాలయాలు మనకు ఎన్నున్నాయి? మూడు భాషలు పుట్టుకతో వచ్చిన కుప్పం పిల్లకు వేరే కాలేజీలో అది లోపంలా కనబడుతుంది, ఇంగ్లీషు సరిగా రాదని వెనక బెంచీకి నెడతారు. ఇక్కడ అదే పెట్టుబడి. అనువాదకులకూ, సినిమా సంభాషణల డబ్బింగుకూ, యంత్రానువాదానికి సమాచారం తయారుచేసే కంపెనీలకూ మూడు భాషలు వచ్చిన మనిషి కావాలి. అయితే నిజం దాచకూడదు. దూరవిద్యలో పీహెచ్‌డీల వ్యవహారంలో ఈ విశ్వవిద్యాలయం విమర్శల పాలైంది. చేరాలనుకునేవాళ్లు తమ విభాగంలో పాఠం చెప్పేవాళ్లు ఎందరున్నారో, రెగ్యులర్ వాళ్లో గెస్టు ఫ్యాకల్టీయో స్వయంగా వెళ్లి చూసుకోవాలి. ఆలోచన ఎంత గొప్పదైనా తరగతి గదిలో మనిషి లేకపోతే నప్పడమన్న మాటకు అర్థం లేదు. ఆ ఖాళీలను నింపడం ప్రభుత్వం బాధ్యత, అది ఎప్పుడో చేయాల్సింది.

కుప్పం పిల్లల ముందు ఇంకో ఆకర్షణ బెంగళూరు. రైల్లో కొద్ది గంటల దూరం. అక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో సీటంటే ఊళ్లో గౌరవమే వేరు. మహానగరంలో చదివితే ఇంటర్న్‌షిప్పులు, పరిచయాలు దొరుకుతాయన్నది కొంతవరకు నిజం కూడా. కానీ రాష్ట్రం దాటగానే మన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం వల్లే వేలమంది ఇంజనీరింగు గడప తొక్కారు. దాన్ని వదులుకుని పొలం తాకట్టు పెట్టి చేరేది పదిమందికీ తెలిసిన సంస్థ అయితే ఒక లెక్క. కుప్పంలో "బెంగళూరు కాలేజీ" అని తప్ప బెంగళూరులో ఎవరికీ పేరు తెలియని కాలేజీ అయితే ఆ అప్పు దేనికి? రాష్ట్రంలో ఉన్నా జాగ్రత్త అవసరమే. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో కన్వీనర్ వాటా 35 శాతమే. కాలేజీ కాస్తా విశ్వవిద్యాలయంగా మారిందంటే ఫీజు లెక్కా సీటు లెక్కా మారతాయి. అన్న చదివినప్పటి పాత ఫీజు చూసుకుని తమ్ముణ్ణి చేర్చకండి.

పేరు వెంట పరుగు డిగ్రీతో మొదలు కాదు, ఇంటర్‌తోనే మొదలవుతుంది. పదో తరగతి అయిన పిల్లల్ని నెల్లూరు, విజయవాడ, హైదరాబాదు హాస్టళ్లలో దించి రావడం మనకు అలవాటైంది. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో పిల్లల ఆత్మహత్యలపై నీరదారెడ్డి కమిటీ 2001లోనే నివేదిక ఇచ్చింది. పాతికేళ్లు కావస్తోంది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి పిల్లల్ని వేర్వేరు బ్యాచీలుగా విడదీయవద్దని చెప్పింది. హాస్టల్ చూడబోయిన తల్లిదండ్రులు మెస్సు, బాత్‌రూమ్‌లు చూసి వస్తారు. కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు, సెక్షన్లు దేన్నిబట్టి వేస్తారు అని కూడా అడగండి. జవాబు తడబడితే వెనక్కి వచ్చేయండి. ఆ ఒక్క విషయంలో నేను ఏ రాజీకీ ఒప్పుకోను.

ఇక నప్పడం అన్న మాట వెనక ఉన్న ప్రమాదం చెప్పాలి. ఇది చాలా తేలిగ్గా పేదవాడికి, ఆడపిల్లకు, దళిత కుటుంబం పిల్లలకు వ్యతిరేకంగా తిరుగుతుంది. "నీకు అంత పెద్ద కాలేజీ ఎందుకమ్మా, అక్కడ నెగ్గుకురాలేవు, ఇక్కడే ఏదో ఒకటి చదువుకో" అన్న మాట వినని మొదటితరం విద్యార్థిని ఉండదు. సురేంద్రకుమార్ బాగ్డే, డెన్నిస్ ఎపుల్, లోవెల్ టేలర్ 2016లో ప్రచురించిన అధ్యయనం దీనికి గట్టి జవాబు. మన దేశంలో 200కు పైగా ఇంజనీరింగ్ కాలేజీల్లో రిజర్వేషన్లు ఎలా పనిచేశాయో చూశారు. మెరుగైన కాలేజీల్లో రిజర్వేషన్ మీద చేరిన పిల్లలు అక్కడ ఇమడలేక దెబ్బతిన్నారన్న ఆధారం ఎక్కడా దొరకలేదు. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి మార్కులతో, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెసులుబాటుతో సీట్లిస్తోంది. దాని క్యాంపస్ ఉన్న ఇడుపులపాయకు వెళ్లిన పల్లె పిల్లలు అక్కడ తలెత్తుకునే చదువుతున్నారు. 2015లో తిరుపతికి ఐఐటీ, ఐసర్ వచ్చాయి. అలాంటి చోట సీటు అందితే ఇంటి దగ్గర సుఖం, ఇంగ్లీషు భయం అన్న సాకులతో ఆపకండి. డేల్, క్రూగర్ చెప్పిన మినహాయింపు మన పిల్లలకే రాసిపెట్టినట్టుంది. నప్పే కాలేజీ అంటే పిల్లను ఉన్నచోటే ఉంచే కాలేజీ అనుకోవద్దు. ఇవాళ కొంచెం కష్టమనిపించినా చేయి పట్టుకుని పైకి లాగే చోటు కూడా నప్పేదే.

ఇంగ్లీషు మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమే. తెలుగు మీడియంలో ఇంటర్ చదివిన పిల్ల మొదటి సెమిస్టర్లో తడబడటం సహజం. ఆ సెమిస్టర్లో కాలేజీ ఏం చేస్తుందో కనుక్కోండి. అర్థం కాకపోతే తెలుగులో చెప్పి, ఇంగ్లీషులో రాయించే అధ్యాపకులున్న చిన్న ప్రభుత్వ కళాశాల, స్లైడ్లు చదివి వెళ్లిపోయే పెద్ద కాలేజీ కన్నా ఆ పిల్లకు వంద రెట్లు మేలు. 2023-24లో డిగ్రీలో ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. ఇదివరకు మూడు సబ్జెక్టులుండేవి, ఒకటి నచ్చకపోయినా ఇంకోదానితో నెట్టుకొచ్చేవాళ్లు. ఆ పద్ధతిలో మేజర్ తప్పుగా ఎంచుకుంటే డిగ్రీ పొడవునా దానితోనే. కాలేజీ కన్నా సబ్జెక్టు గురించి ఎక్కువ ఆలోచించాల్సిన కాలం ఇది. ఇష్టమేదో పిల్లలకు ముందే తెలియాలంటే బడిలోనే చేతులతో చేసి చూడాలి. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్ ఆ పనే చేస్తోంది. పల్లె బడుల పిల్లలు వచ్చి ప్రయోగాలు తాకి చూస్తారు. హైస్కూలు అయ్యవార్లు పిల్లల్ని ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్లాలి.

చివరగా వెబ్ ఆప్షన్ల సంగతి, ఎందుకంటే ఆలోచనంతా అక్కడే తారుమారవుతోంది. "ఫస్టు ఆప్షన్ పెద్ద కాలేజీ పెడితే ఉన్నది కూడా పోతుందేమో" అని భయపడి, ఇష్టం లేని కాలేజీని పైన పెట్టేవాళ్లు చాలామంది. కన్వీనర్ కోటాలో సీట్లు ర్యాంకు వరుసలో, రిజర్వేషన్ నిబంధనల ప్రకారం ఇస్తారు. మీ వంతు వచ్చినప్పుడు మీ ఆప్షన్లను పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, సీటు ఖాళీ ఉన్న మొదటిదాన్ని కేటాయిస్తారు. అందని కాలేజీని పైన పెట్టినంత మాత్రాన అందే కాలేజీ చేజారదు. కాబట్టి వరుస మీ ఇష్టం ప్రకారమే ఉండాలి. కాలేజీవారీగా, బ్రాంచివారీగా నిరుటి చివరి ర్యాంకులు చూసుకుంటే ఎక్కడిదాకా అందుతుందో అంచనా వస్తుంది. చేరనని ఖాయంగా తెలిసిన కాలేజీని అసలు పెట్టొద్దు.

ఆ వరుసను ఇంకొకరి చేతికి ఇవ్వొద్దు. జూన్, జులై నెలల్లో కాలేజీల పీఆర్‌ఓలు ఇంటికొస్తారు. "మీరేం ఇబ్బంది పడొద్దు సార్, పాప హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డ్ ఇవ్వండి, మేమే పెట్టేస్తాం" అంటారు. వాళ్లకు పిల్లను తెచ్చినందుకు కమిషన్ ముడుతుంది. ఆప్షన్లు పెట్టే రోజున పిల్లనే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తాను చూసి వచ్చిన కాలేజీలను తనకు నచ్చిన వరుసలో తననే పెట్టనివ్వండి. ఫోనుకొచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకండి.